ఎదుట లేని శిష్యుడు

"జీతం ఆగలేదు, బస్సెక్కే పని లేదు, ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని ఫోనులో నాలుగు మాటలు చెప్పారు. దానికి కూడా బాధేనా?" 2020, 2021 సంవత్సరాల మాట వచ్చినప్పుడల్లా భాషోపాధ్యాయుల్ని ఇలా అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఈ ప్రశ్నలో కొంత న్యాయం లేకపోలేదు. ఆ రోజుల్లో వలస కూలీలు పిల్లల్ని భుజాన వేసుకుని వందల మైళ్లు నడిచారు. ఆసుపత్రి మంచం దొరక్క ప్రాణాలు పోయినవాళ్లున్నారు. ఆ దుఃఖాల పక్కన ఒక తెలుగు పంతులి మనసు చివుక్కుమన్న సంగతి పెట్టి తూచితే తక్కెడకే సిగ్గు. (అందరికీ జీతం ఆగలేదన్న మాట కూడా నిజం కాదు. ప్రైవేటు బడుల్లో సగం జీతానికి, అసలు లేని జీతానికి పాఠాలు చెప్పిన వాళ్లు నా స్నేహితుల్లోనే ఉన్నారు. అది వేరే కథ.) అయితే బాధల్ని తక్కెడలో వేయడం సరైన పద్ధతేనా? ఊళ్లో ఎవరికో పెద్ద పుండు ఉంది గనుక నా కాలిలోని ముల్లు తీయించుకోగూడదనడం ఎక్కడి న్యాయం? పైగా ఆ ముల్లు ఎక్కడ గుచ్చుకుందో చూస్తే భాష చెప్పడమనే పని అసలు ఎలాంటిదో కొంత బోధపడుతుంది. ఈ వ్యాసం అందుకోసం.

కాలం ఎంత నడిచిందో ముందు గుర్తు చేసుకోవాలి. 2020 మార్చిలో మూతపడ్డ బడులు తమిళనాడులో 1 నుంచి 8 తరగతుల పిల్లలకు మళ్లీ తెరుచుకున్నది 2021 నవంబరు 1న. కర్ణాటకలో 1 నుంచి 5 తరగతులకు 2021 అక్టోబరు 25న. అంటే ఒకటో తరగతిలో పేరు రాయించుకున్న పిల్ల పంతులి ముందు పలక పట్టకుండానే రెండో తరగతి సగానికి వచ్చింది. అక్షరాలు దిద్దించే వయస్సంతా గాలిలో కలిసిపోయింది.

తైత్తిరీయోపనిషత్తులో శీక్షావల్లి అని ఒక భాగముంది. అక్కడ శిక్ష అంటే బెత్తం కాదు, ఉచ్చారణ శాస్త్రం. వర్ణం, స్వరం, మాత్ర, బలం అంటూ మొదలుపెట్టి, కొంత దూరం పోయాక విద్యను సంధితో పోలుస్తుంది. గురువు పూర్వరూపం, శిష్యుడు ఉత్తరరూపం, విద్య వాళ్లిద్దరి మధ్య సంధి, ప్రవచనం ఆ సంధిని కలిపేది. వేదాంతులు దీనికి ఏమేం అర్థాలు చెబుతారో నాకు పని లేదు. రోజూ నల్లబల్ల మీద సంధులు విడదీసే నాబోటి వాడికి ఇందులో మరో సంగతి తోస్తుంది. సంధిలో పరపదం ఊరికే వచ్చి పక్కన నిలబడదు, పూర్వపదం చివరి అచ్చును మార్చేస్తుంది. శిష్యుడూ అంతే. వాడి ముఖం చూసి గురువు మాట మారుతుంది. మూడో బెంచీలో ఒకడు నొసలు ముడిస్తే వాక్యం మధ్యలోనే ఉదాహరణ మారుతుంది. ఎవడో కిసుక్కున నవ్వితే పద్యం రాగం కాస్త పెరుగుతుంది. తెరమీద ఇరవై నల్లటి గళ్లు, గడికొక పేరు. అక్కడ మిగిలింది పూర్వరూపం ఒక్కటే.

లెక్కల మేష్టార్లకు ఈ ఇబ్బంది లేదనను. కానీ పదిహేడు వచ్చిందో పద్దెనిమిది వచ్చిందో కాగితం ఫొటోలో కనిపిస్తుంది. భాషలో సగం పని కాగితం మీదికి ఎక్కదు, గాలిలోనే జరుగుతుంది. మన బోటి ప్రాంతాల్లో ఇది మరీ ఎక్కువ. హోసూరు, కృష్ణగిరి వైపు పిల్లల చెవుల నిండా తమిళం. ఆ లిపిలో క, గ లకు ఒకే అక్షరం, ఒత్తక్షరాలు లేవు. కాబట్టి పిల్ల నోట 'గాలి' అని చక్కగా పలికి రాతలో 'కాలి' అని పెడుతుంది. నోరు విన్నవాడికే అది తెలియని తప్పు కాదనీ, చేతి అలవాటనీ తెలుస్తుంది. బరంపురం పిల్లలకు ఎ, ఏ ల తేడా గండం. ఒడియాలో అవి రెండుగా లేవు. అక్కడి పంతులు 'మెడ', 'మేడ' అనే రెండు మాటల మీద వారం రోజులు గడపవలసి వస్తుంది. మరాఠీలోనూ ఇదే కథ గనుక సోలాపురం పిల్లలదీ అదే అవస్థ, అయితే 'చాప'లోని చకారం మాత్రం వాళ్లు మనకంటే ముద్దుగా పలుకుతారు. కోలారు, పావగడ పిల్లలకు అక్కచెల్లెళ్ల వంటి లిపులు గనుక చదవడం తొందరగా వస్తుంది. యానాం పిల్లలకు నాలుగు వైపులా తెలుగే కాబట్టి ఈ గొడవే లేదు.

ఇంత సన్నటి తేడాలను ఫోను ఏం చేసింది? పాత టెలిఫోను పద్ధతిలో 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకు ఉన్న ధ్వనిని మాత్రమే పంపేవారు. మాట అర్థం కావడానికి అది చాలు. కానీ స, శ ల తేడాను తెలిపే ఈల వంటి ధ్వనిలో చాలా భాగం ఆ పైన ఉంటుంది. కొత్త ఫోన్లు ఇంతకంటే మెరుగే, సిగ్నలు బాగుంటే. మా పల్లెల్లో అది బాగుండడమంటే నీళ్ల ట్యాంకు దగ్గరికి పోయి నిలబడడం. సిగ్నలు తగ్గితే ధ్వనికీ కత్తెర పడుతుంది. అప్పుడు పంతులు "మళ్లీ చెప్పు" అంటాడు. ఇంకోసారి "మళ్లీ చెప్పు" అంటాడు. తరగతిలో ఈ మాట అనేటప్పుడు ముఖంలో చిన్న నవ్వుంటుంది, చెయ్యి చెవి దగ్గరికి పోతుంది, పిల్లవాడికి అది ఆటలా ఉంటుంది. ఫోనులో ముఖం లేని "మళ్లీ చెప్పు" నిందలా వినిపిస్తుంది. మూడోసారికి పిల్లవాడు మాట్లాడడు. తప్పు వాడిదో, సిగ్నలుదో పంతులికీ తెలియదు. ఆ తెలియకపోవడంలోనే పంతులి మొదటి ముల్లుంది.

ఆ రోజుల్లో పెద్దలు కొందరు ఏకలవ్యుణ్ణి బాగా వాడుకున్నారు. గురువు ఎదుట లేకపోయినా మట్టిబొమ్మ పెట్టుకుని నేర్చుకోలేదా అన్నారు. (ద్రోణుడికి తాను అతని గురువునన్న సంగతి దక్షిణ అడిగేటప్పుడు మాత్రమే గుర్తొచ్చిందని ఎవరూ అనలేదు.) ఆ పోలిక విలువిద్యకు చెల్లుతుంది. బాణం గురికి తగిలిందో లేదో వేసినవాడి కంటికే కనబడుతుంది. తప్పితే ఇంకోటి వేస్తాడు. ఉచ్చారణకు అలాంటి గురి లేదు. 'మేడ' అనబోయి 'మెడ' అన్న పిల్లకు తాను 'మేడ' అన్నట్టే వినిపిస్తుంది. తప్పు చేసిన చెవే ఒప్పు చెప్పే చెవి కూడా అయినప్పుడు దిద్దుకోవడమెలా? విట్‌గెన్‌స్టైన్ అనే తత్వవేత్త 1953లో అచ్చయిన తన గ్రంథంలో ఇలాంటి చిక్కునే ఇంకా లోతుగా చర్చించాడు. ఒక్కడికే సొంతమైన భాష ఉండడం సాధ్యం కాదని ఆయన వాదం. నాకు సరి అనిపించిందల్లా సరి అయిపోయే చోట 'సరి' అనే మాటకే అర్థం ఉండదంటాడు. భాషకు ఇంకొకరి చెవి కావాలి. ఏకలవ్యుడు తెలుగు నేర్చుకోదలిస్తే మట్టిబొమ్మ చాలదు.

ఇక నటన మాట. తెరముందు కూర్చున్న ఉపాధ్యాయులందరూ నటించారు. రాత్రంతా దగ్గిన భర్తను పక్కగదిలో ఉంచి, "పిల్లలూ, ఇవాళ ఒక తమాషా కథ చెప్పుకుందాం" అని గొంతు వెలిగించుకున్న ఉపాధ్యాయినులు నాకు తెలుసు. ఇది అబద్ధమా? అమెరికన్ సమాజశాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో విమానాల్లో పనిచేసే అమ్మాయిల చిరునవ్వు గురించి ఒక పుస్తకం రాసింది. కూలివాడు కండను అమ్ముకున్నట్టు వీళ్లు మనసు మీద అదుపును అమ్ముకుంటున్నారని, అది కూడా శ్రమేనని ఆమె చెప్పింది. పైపైన నవ్వడం వేరు, నవ్వు నిజంగా పుట్టేటట్టు మనసును తిప్పుకోవడం వేరు అని కూడా విడదీసింది. భాష నేర్చుకునే పిల్లవాడి భయాన్ని కొలిచే ప్రశ్నావళులు 1986 నుంచే ఉన్నాయి. నేర్పేవాడి సంగతి అడగడానికి చాలాకాలం పట్టింది. 2020లో మెకింటైర్, గ్రెగర్సన్, మెర్సర్ అనే ముగ్గురు పరిశోధకులు వివిధ దేశాల్లోని 600 మందికి పైగా భాషోపాధ్యాయుల్ని, ఈ హఠాత్తు మార్పును ఎలా తట్టుకున్నారని అడిగారు. కష్టానికి ఎదురుపోయి ఏదో ఒకటి చేసినవాళ్లు కాస్త నయంగా ఉన్నారనీ, తప్పించుకుని తిరిగినవాళ్లు, తమను తాము నిందించుకున్నవాళ్లు ఎక్కువ కుమిలారనీ తేలింది. ఇది మన ముసలమ్మలు చెప్పేదే. అయినా ఎవరో అడిగారు, అదే గొప్ప.

నా మటుకు నాకు ఆ ఉత్సాహం అబద్ధం కాదు. ఒళ్లు నొప్పులతో ఉన్న తల్లి కూడా చంటివాడికి చందమామను నవ్వుతూనే చూపిస్తుంది. ఆ నవ్వు బిడ్డకు ఇవ్వవలసిన బాకీ, తన ఆరోగ్యం గురించి చేసే ప్రకటన కాదు. తరగతి గదిలో అయితే అప్పుగా తెచ్చుకున్న ఉత్సాహం పది నిమిషాల్లో అసలుతో సహా తిరిగి వచ్చేస్తుంది. పిల్లల ముఖాలు తీర్చేస్తాయి. నల్లటి గళ్లు తీర్చలేదు. రోజుకు నాలుగు పీరియడ్లు అప్పు చేసి సాయంత్రానికి ఉత్త చేతులతో లేవడమే ఆ అలసటకు కారణమని నేననుకుంటాను. కంటినొప్పి, నడుంనొప్పి ఆ తర్వాతివి.

అబద్ధం ఇంకోచోట ఉంది. పిల్లవాడు చదివిన పద్యం తెగి తెగి వచ్చింది, ఏం చదివాడో వినబడలేదు, అయినా "శభాష్" అన్నాం. చప్పట్ల బొమ్మ ఒకటి నొక్కాం. జాలితో అన్నాం, తొందరలో అన్నాం, పైవాళ్లకు పంపవలసిన పట్టికలో గడి నింపడానికి అన్నాం. మెచ్చుకోలుకు విలువ వినడం వల్ల వస్తుంది. వినని మెచ్చుకోలు చెల్లని నోటు, అందుకున్న పిల్లవాడికి అది చెల్లదని తెలుసు కూడా. తమిళనాడులో 2020 జూన్‌లో పదో తరగతి పరీక్ష రద్దుచేసి అందర్నీ పైకి పంపారు. ఆ పరిస్థితిలో మరో దారి లేదు, దాన్ని తప్పుపట్టను. కానీ ఒక పిల్ల నాతో "అందర్నీ పాస్ చేశారు సార్, నన్ను కాదు" అంది. నాలుగేళ్ల పాటు తెలుగులో మొదటి మార్కు తెచ్చుకున్న పిల్ల.

కెమెరా సంగతి మరీ చిక్కు. ముఖం కనిపించక పాఠం సాగదు, నిజమే. అంతమాత్రాన "కెమెరా పెట్టు" అని ఆజ్ఞాపించే హక్కు పంతులికి ఉందా? బడి అన్నది పిల్లవాడు ఇంటిని వెనక వదిలి వచ్చే చోటు. అక్కడ చొక్కా ఒకటే రంగు, బెంచీ ఒకటే కర్ర. కెమెరా తెరిస్తే రేకుల కప్పు, దండెం మీది బట్టలు, మూలన పడుకున్న తండ్రి, అన్నీ ఇరవైమంది ముందుకొస్తాయి. నా అభిప్రాయం స్పష్టం. అడగవచ్చు, బలవంతం చేయరాదు. పాఠం పాడైనా సరే. కర్ణాటకలో 2020 ఆగస్టులో 'విద్యాగమ' అని ఒకటి మొదలుపెట్టారు. ఉపాధ్యాయులే పల్లెలకు పోయి గుడి మండపాల్లో, చెట్ల కింద కొద్దిమంది పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పారు. జబ్బు వ్యాపిస్తోందని అక్టోబరులో ఆపారు. ఆ రెండు నెలలూ గొంతు చించుకున్నా అలసట తెలియలేదని అక్కడి మిత్రులు ఇప్పటికీ చెబుతారు. పిల్లలు ఎదుట ఉన్నారు గదా.

ఒకే ఫోను, ముగ్గురు పిల్లలు ఉన్న ఇల్లు ఊహించండి. పొద్దున ఫోను తండ్రితో పూలతోటకో, ఫ్యాక్టరీకో పోతుంది. రాత్రి ఏడింటికి వస్తుంది. అప్పటినుంచి పిల్లల వంతులు. మొదట లెక్కలు, తర్వాత ఇంగ్లీషు, తర్వాత రాష్ట్ర భాష. తెలుగు వంతు వచ్చేటప్పటికి చార్జి అయిపోతుంది, లేదా నిద్ర వస్తుంది. తల్లిదండ్రుల్ని తప్పుపట్టలేం, డేటాకు డబ్బులు కావాలి. తమిళనాడులో 2006 చట్టం ప్రకారం తమిళం తప్పనిసరి పాఠ్యాంశమై ఏడాదికొక తరగతి చొప్పున పైకి వచ్చి 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. మన పిల్లలు తమిళం నేర్చుకోవలసిందే, అది గొప్ప భాష, మన పక్కింటి భాష. అయితే తల్లిభాషలో పరీక్ష రాసుకోవడానికి మినహాయింపు కోసం కోర్టు మెట్లెక్కవలసి రావడంతో తెలుగు అనేది ఇంటివాళ్ల దృష్టిలో 'ఉన్నా లేకపోయినా' అనే పద్దులోకి పోయింది. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో 42 లక్షల మంది, కర్ణాటకలో 35 లక్షల మంది తెలుగు తమ భాష అన్నారు. రాజ్యాంగంలోని 350ఏ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో తల్లిభాషలో చదువుకునే తగిన సౌకర్యాలు కల్పించమంటుంది. 1956లో చేర్చిన ఆ మాటల్లో సౌకర్యమంటే గది, పంతులు, పుస్తకం. ఫోను వంతుల్లో చివరన నిలబడ్డ భాషను అందులో ఎవరు చేర్చాలి? రాత్రి తొమ్మిదిన్నరకు పాఠం తెరిచి, ఎవరూ రాక, పావుగంట చూసి మూసేసిన తెలుగు పంతులికి అది ఆ ఒక్కరోజు గైర్హాజరుగా తోచదు. నీ భాష ఇక అక్కరలేదని ఇంటింటా చెప్పినట్టు ఉంటుంది.

ఇంత చీకట్లో ఒక వెలుగు కూడా ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. పాఠం ఇళ్లలోకి పోవడంతో ముసలివాళ్లు విన్నారు. ఒకరోజు నేను పెంపుడు జంతువుల పాఠం చెబుతూ 'గేదె' అన్నాను, పుస్తకంలో అదే ఉంది. ఫోనులోంచి ఒక ముసలి గొంతు వచ్చింది. "అయివారూ, మా ఇంట్లో ఉండేది ఎనుము. గేదె ఎవరింట్లో ఉందో నాకు తెలీదు." పిల్లలు పకపకా నవ్వారు. మూడు నెలల్లో నాకు వినిపించిన మొదటి నవ్వు. "అవ్వా, ఎనుము గురించి మీరే చెప్పండి" అన్నాను. ఆమె చెప్పింది. ఏది ఎప్పుడు ఈనిందో, జున్ను ఎవరెవరికి పంచాలో, చూలు కట్టిన ఎనుముకు ఏం మేత వేయాలో, ఇరవై నిమిషాలు. మధ్యలో ఒక్క పిల్లవాడూ పోలేదు. ఎనుము అనేది పాత కావ్యాల నాటి మాట అని చివర్లో నేను చెబితే, "నేనేం అంత పాతదాన్ని కాదు" అంది. వందేళ్లుగా మన బడులు ఇంటి తెలుగును గడప బయట విప్పించి పుస్తకం తెలుగును తొడిగాయి. అవ్వకు ఆ సంగతి తెలియకుండానే జరిగిపోయింది. ఫోను పుణ్యమా అని ఆమె ఎదుటే తప్పొప్పుల పంచాయతీ జరగవలసి వచ్చింది. బడి తెరిచాక అవ్వ మళ్లీ గేటు బయటే. పిలుద్దామని అడిగితే, సందర్శకులకు అనుమతి పత్రం కావాలన్నారు.

చివరిగా, నాకు ఇంకా తెగని ఒక సంగతి. కర్ణాటక సరిహద్దులో తెలుగు చెప్పే ఒక ఉపాధ్యాయిని 2021 జూలైలో ఐదో తరగతి పిల్లలకు భూతకాలంలో మూడు వాక్యాలు రాసి ఫొటో పంపమంది. ఒక పాప పంపింది. 'నానకు జొరం వొచ్చింది. ఆస్పత్రికి పోయినాడు. రాలేదు.' మూడు వాక్యాలు, మూడూ భూతకాలమే, అడిగినట్టే రాసింది. 'నాన్న'లో ఒత్తు లేదు. ఆ ఫొటో కింద ఏం రాయాలో తోచక ఆమె నాకు ఫోను చేసింది. లెక్కల్లో ఇలాంటిది రాదు. భాషలో మనం పిల్లల్ని అడిగేదే వాళ్ల ఇల్లు, వాళ్ల నాన్న, నిన్న ఏం జరిగిందన్నది. అడిగి, వచ్చినదానికి ఎర్రసిరాతో ఒత్తులు పెడతాం. తరగతిలోనైతే పుస్తకం మూసి పాపను దగ్గరికి తీసుకునేది. ఇక్కడ చెయ్యి చాపితే అద్దం తగులుతుంది. ఆ పాపకు ఫోను చేస్తే అవతలినుంచి "ఊఁ" అని తప్ప మాట లేదు. దిద్దడం క్రూరత్వం, దిద్దకపోతే పనిలో లోపం. నేను దిద్దవద్దనే చెప్పాను, ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. ఆమె దిద్దలేదు.

అక్టోబరు ఆఖరున బడి తెరిచారు. రెండోరోజు ఆ పాప నోటుబుక్కు పట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. "టీచర్, అందరివీ దిద్దినారు, నాది దిద్దలేదు" అంది.

ఆమె పెన్సిలుతో 'నాన్న'కు ఒత్తు పెట్టింది. 'జొరం' అలాగే ఉంచింది. దాన్నీ 'జ్వరం' అని దిద్దాల్సిందని మా మిత్రుల్లో ఇద్దరి వాదన, జిల్లా సమావేశంలో కలిసినప్పుడల్లా ఇది మళ్లీ లేస్తుంది.